మీటరు చెప్పేది ఆదాయం కాదు

సంపాదకులకు,

పింఛన్లకు ఆరంచెల అర్హత వడపోత ఉండాల్సిందేనన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. అనర్హులను తీసేయాలి, నిజమే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు దాటకూడదన్న నిబంధన కొలిచేది మీటరునే, ఆదాయాన్ని కాదు. ఒకే మీటరు కింద ఇద్దరన్నదమ్ముల కాపురాలు, పైవాటాలో అద్దెవాళ్లు ఉంటే ఆ యూనిట్లన్నీ ఇంటి పెద్దావిడ లెక్కలోనే పడతాయి. కారు ఉండకూడదన్న నిబంధనా అంతే: వేరుకాపురం పెట్టిన కొడుకు కారు కొంటే, రేషన్ కార్డులో పేరు విడదీయలేదు కాబట్టి తల్లి వితంతు పింఛనుకు అడ్డొస్తుంది. తాను పేదనని రుజువు చేసుకునే భారం మళ్లీ ఆమెదే! తమిళనాడు రేషన్ బియ్యానికి ఆదాయ పరీక్షే పెట్టలేదు. ఇక్కడ కనీసం పింఛను ఆపకముందే గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఇంటికొచ్చి విచారించాలి, కారణం రాసివ్వాలి. ఒక్క నెల డబ్బు అందకపోతే బీపీ మాత్రలు మానేసే ముసలివాళ్లు అర్జీ పెట్టుకుని ఎన్నాళ్లు ఎదురుచూడగలరు?

— ఒక పాఠకురాలు, తెనాలి