రంగుల పాము షౌక్: ధర కన్నా ముందు కాగితం అడగాలి

పసుపు, తెలుపు, నారింజ రంగుల బాల్ పైథాన్ వీడియోలు సోషల్ మీడియాలో కొల్లలు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కొన్న ఫోన్ చేతిలో ఉంటే చాలు, ఇంట్లో కూర్చునే బేరమాడొచ్చు. అయితే పాము రంగు వెనక రెండు సంగతులు వీడియోలో కనిపించవు: ఒకటి జన్యువు, రెండోది చట్టం.

బాల్ పైథాన్ ఆఫ్రికాలోని ఘానా, టోగో, బెనిన్ వైపు పాము. విషం ఉండదు. బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. అసలు రంగు నలుపు, గోధుమ. పెంపకందార్లు ఎంచి ఎంచి జత కట్టించి కొత్త రంగులు రప్పిస్తారు. వాటినే మార్ఫ్‌లు అంటారు.

అల్బినో పిల్ల పుట్టాలంటే ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రావాలి. ఒక్కరి నుంచే వస్తే పిల్ల మామూలుగానే కనిపిస్తుంది, జన్యువు మాత్రం లోపల దాగి ఉంటుంది. దీన్ని ‘హెట్’ అంటారు. రెండు హెట్‌లను కలిపితే సగటున నాలుగింట ఒకటి అల్బినో. మిగతా వాటిలో ఏది హెట్టో కంటితో చెప్పలేరు. అందుకే ‘66 శాతం హెట్’ అని అమ్ముతారు. అంటే డబ్బు పోసేది అమ్మేవాడి మాట మీదే. ‘స్పైడర్’ మార్ఫ్ సంగతి ఇంకా బాధాకరం. చూడ్డానికి అందమే గానీ తల వణుకుతుంది, ఒళ్లు అదుపు తప్పుతుంది. ఆ లోపం జన్యువులోనే ఉంది, మందు లేదు.

ఇక చట్టం. బాల్ పైథాన్ సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జంతువులను కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చనిపోయినా చెప్పాలి. చట్టం తప్పితే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. బ్యాంకాక్ నుంచి సామానులో దాచి తెచ్చిన పాములు చెన్నై ఎయిర్‌పోర్టులో పలుమార్లు దొరికాయి. అలాంటి సరుకు కొన్న కుర్రాడు నాంపల్లి క్రిమినల్ కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తే, ఆ తిరుగుడు ఇంటిల్లిపాదిదీ.

కాబట్టి పిల్లాడు పాము అడిగితే అమ్మానాన్నలు ముందు అడగాల్సింది రంగు కాదు, రిజిస్ట్రేషన్ కాగితం. అది లేదంటే బేరం అక్కడితో ఆపేయాలి. ఇప్పటికే ఇంట్లో పాము ఉంటే భయపడి మూసీ ఒడ్డున వదలొద్దు. అది ఇక్కడి జీవి కాదు. వకీలును అడిగి, అటవీ శాఖకు తెలపడమే దారి.