కాలేయరోగి కండబలము

దీర్ఘకాల కాలేయవ్యాధితో బాధపడువానిని పరామర్శింపబోయిన బంధువులు, పొట్ట నిండుగానే యున్నది గనుక తిండికి లోటులేదనియు, త్రాసుమీద బరువు తగ్గలేదు గనుక దేహము క్షీణింపలేదనియు తృప్తిపడి మరలివత్తురు. ఆ పొట్టయందున్నది కొంత కొవ్వు, సిర్రోసిస్ ముదిరినచో కొంత జలోదరపు నీరు. ఆ రెండును కలిసి త్రాసుముల్లును పడిపోనీయక నిలుపుచుండగా, భుజములయందును తొడలయందును కణతలకడను కండ నెలనెలకును కరగిపోవుచుండును. స్థౌల్యమును కండరక్షయమును ఒకే దేహమున చేరిన ఈ దురవస్థ రోగి ఆయుర్దాయమును కుదించునని ఎన్నియో పరిశోధనలు చూపియున్నను, కాలేయరోగి చీటీలో నేటికిని బరువునకే గాని కండకు చోటు లేకుండుట మన వైద్యమునందలి పెద్దలోపమని నా నమ్మకము.

కండ ఏల కరగును? ఆరోగ్యవంతుని కాలేయము తిన్న అన్నములోని చక్కెరను గ్లైకోజెన్ రూపమున నిలువచేసికొని, రాత్రి నిద్రించువేళ దానిని కొంచెముకొంచెముగా దేహమునకు అందించుచుండును. సిర్రోసిస్‌చేత మచ్చలుపడి గట్టిబడిన కాలేయమునకు ఆ నిలువచేయు శక్తి సన్నగిల్లుటచేత, రాత్రి 8 గంటలకు భోజనము ముగించి ఉదయము 8 గంటలవరకు ఏమియు ముట్టని రోగి దేహమున, ఆరోగ్యవంతుడు రెండుమూడు దినములు నిరాహారియై యున్నప్పుడు కలుగు మార్పులే కలుగును. వంటచెఱకు లేని ఇల్లాలు ఇంటి వాసమును పెరికి పొయ్యిలో పెట్టినట్లు, దేహము తన కండలోని మాంసకృత్తులను విఱుగగొట్టి చక్కెర చేసికొనును. ఇది ఏ ఒక్కనాటితోనో పోవునది గాక ప్రతి రాత్రియు జరుగునది. ఇంతటితో ఆగినను బాగుండెడిది. కాలేయము చేయలేని పనిని తాను పైనవేసికొని, రక్తములోని అమ్మోనియాను కొంతవరకు హరించునదియు కండయే; ఆ అమ్మోనియాయే మితిమీరినప్పుడు, కండను పెరగనీయని మయోస్టాటిన్ అను పదార్థమును హెచ్చించునని క్లీవ్‌లాండ్‌లో శ్రీనివాసన్ దాసరథి మొదలగువారు జరిపిన పరిశోధనలు తెలుపుచున్నవి. కండ తగ్గినకొలది అమ్మోనియా పెరుగును, అమ్మోనియా పెరిగినకొలది కండ తగ్గును. రోగికి మతి తప్పుటకును, మంచము పట్టుటకును ఈ విషవలయము గొప్ప హేతువు.

ఇట్లు కండను తినివేయు వ్యాధికి మన ఇండ్లలో జరుగు మొదటి ఉపచారము పథ్యము. కామెర్లనగానే పప్పు మానవలెను, నూనె తగులరాదు, గుడ్డును చేపను కంటబడనీయరాదు, చప్పిడి మజ్జిగన్నముతో దినములు వెళ్లబుచ్చవలెనను కట్టుబాటు, తనంతట తగ్గిపోవు కామెర్లయందు అంతగా హాని చేయకపోవచ్చును గాని, ఏండ్లతరబడి సాగు సిర్రోసిస్‌నకు దానినే వర్తింపజేయుట రోగిని ఆకలికి అప్పగించుటయే యగును. ప్రేమతో ఆ పథ్యము వండిపెట్టు తల్లులను ఇల్లాండ్రను నేను నిందింపజాలను. వైద్యశాస్త్రమే చిరకాలము ఆ త్రోవను నడచినది. మతి తప్పిన కాలేయరోగికి మాంసకృత్తులు విషమని వానిని కోసివేయుచుండగా, 2004లో బార్సెలోనా వైద్యులు ప్రకటించిన పరిశోధన, అట్లు తగ్గించుటవలన మేలు కలుగదనియు, దేహములోని మాంసకృత్తుల విచ్ఛిత్తియే హెచ్చుననియు నిరూపించెను. నేటి ఐరోపా వైద్యసంఘముల నిర్ణయము ప్రకారము సిర్రోసిస్ రోగికి కిలో బరువునకు దినమునకు 1.2 మొదలు 1.5 గ్రాములవరకు మాంసకృత్తులు కావలెను. అనగా 60 కిలోల మనిషికి 72 మొదలు 90 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు కందిపప్పులో ఇంచుమించు అంతయే యుండగా, పలుచని చారన్నముతో ఆ మొత్తమునకు చేరుట యెట్లు? ఉప్పు తగ్గింపుమని వైద్యుడు చెప్పినది నిజమే, జలోదరమునకు అది అవసరమే. పప్పును తగ్గింపుమని మాత్రము చెప్పలేదు.

ఈ విషయమున చరిత్ర ఒకటి మఱువరానిది. 1964లో చైల్డ్, టర్కాట్ అను అమెరికా శస్త్రవైద్యులు కాలేయరోగి స్థితిని నిర్ణయించుటకు ఎన్నుకొన్న ఐదు లక్షణములలో బిలిరుబిన్, ఆల్బుమిన్, జలోదరము, మతిభ్రమ నాలుగు కాగా, ఐదవది పోషణస్థితి. 1973లో లండన్‌లో పగ్ మొదలగువారు ఆ పట్టికను సవరించుచు పోషణస్థితిని తొలగించి, దాని స్థానమున రక్తము గడ్డకట్టుకాలమును నిలిపిరి. 2002 నుండి అమెరికాలో కాలేయదానమునకు వరుస నిర్ణయించిన మెల్డ్ గణనమును కండను లెక్కింపదు. పోషణస్థితి కంటిచూపున అంచనావేయబడునది గనుక, ఒక వైద్యుని మాట మఱొకనికి పొసగదని తొలగించిరనుకొన్నను, నేడు ఆ సాకు చెల్లదు. ఏ కారణముననైనను తీసిన కడుపు సీటీలోనే మూడవ కటి వెన్నుపూస ఎదుట కండవైశాల్యమును కొలువవచ్చును. అంతకంటె సులభముగా, పిడికిటి బలమును కొలుచు చేతిపరికరము జిల్లా వైద్యశాలకు భారము కాదు; ఆసియా నిపుణుల లెక్క ప్రకారము పురుషునికి 28 కిలోలకు, స్త్రీకి 18 కిలోలకు తక్కువైనచో అది బలహీనతయే.

మనవారి విషయమున ఈ కొలత మఱింత ఆవశ్యకము. ఒకే దేహద్రవ్యరాశి సూచిక గల భారతీయ వైద్యునకును ఆంగ్ల వైద్యునకును కొవ్వుశాతము ఎంత భిన్నమో పూనాకు చెందిన వైద్యుడు యాజ్ఞిక్ 2004లో తన దేహమునే ఉదాహరణముగా చూపెను: ఇద్దరి సూచికయు 22.3, కొవ్వు ఆయనకు 21 శాతము, ఆంగ్లేయునకు 9 శాతము. అట్టి మనకు ఫ్యాటీ లివర్ వచ్చినప్పుడు "బరువు తగ్గుము" అను ఒక్కమాటతో పంపివేసినచో, రోగి పూటపూట కడుపుమాడ్చుకొని, కొవ్వుతోపాటు ఉన్న కాస్త కండను పోగొట్టుకొనును. బరువు తగ్గుట తప్పనుట లేదు. స్థూలకాయులైన సిర్రోసిస్ రోగులకు 16 వారముల ఆహారనియమమును వ్యాయామమును కలిపి యిచ్చినప్పుడు కాలేయపు సిరలలోని ఒత్తిడి తగ్గినట్లు 2017లో వెల్లడియైనది. అన్నమును తగ్గించుచు మాంసకృత్తులను నిలుపవలెను, నడకతోపాటు కండకు బలమిచ్చు వ్యాయామము చేయవలెను. బరువు తగ్గించు క్రొత్త సూదిమందులు కొవ్వుతోపాటు కండనుగూడ కొంత హరించును గనుక, ముదిరిన సిర్రోసిస్ గలవారు తమంతట వానిని కొని వాడుట ప్రమాదకరము.

ఇక రాత్రి సంగతి. న్యూజిలాండ్ వైద్యులు 2008లో ప్రకటించిన పరిశోధనలో, ఒకే పోషకాహారమును పగలు తీసికొన్నవారికంటె రాత్రి తీసికొన్నవారికి ఏడాదిలో సుమారు 2 కిలోల కండ చేకూరినది. పడుకొనబోవుముందు ఒక గ్లాసు పాలు, రెండు ఇడ్లీలు, గుప్పెడు పుట్నాలు తీసికొనవలెను. మధుమేహమున్నచో వైద్యుని అడిగి మార్చుకొనవలెను. శనివారపు ఒంటిపూటలు, ఏకాదశి ఉపవాసములు చేయు సిర్రోసిస్ రోగులు వానిని విడుచుటకు సంకోచింపరాదు. అందఱు తిన్నపిమ్మట మిగిలినదానితో సరిపెట్టుకొను అలవాటుగల మన స్త్రీలలో ఎవరికి ఈ వ్యాధి వచ్చినను, ఆ ఇంటివారు ముందుగా మార్పవలసినది ఆ వరుసను. వైద్యశాలనుండి ఇంటికి పంపునప్పుడు ఇచ్చు కాగితముమీద, మాత్రల పేర్లతోపాటు పిడికిటి బలమెంతయో, దినమునకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులో, రాత్రి ఏమి తినవలెనో తెలుగున వ్రాసియిచ్చుటకు ఏ క్రొత్త శాసనమును అక్కఱలేదు. మన రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వ వైద్యశాలలలో ఈ పని రేపే ఆరంభింపవచ్చును.