అదనపు గంటల కూలి, పన్ను పత్రము

జీతముమీద బ్రతుకువారు జూన్ మాసమున యజమాని యిచ్చు ఫారము 16ను చదువకయే లెక్కలు వ్రాయువాని చేతిలో బెట్టుట మన ప్రాంతమున వాడుకయైనది. అందులో అదనపు గంటల కూలి యెంత చేరినదో, అతిథు లిచ్చిన బక్షీసు చేరినదో లేదో విచారించువా రరుదు. మంగళగిరి యిప్పుడు మగ్గములకును, నృసింహస్వామి కొండకును మాత్రమే పేరుపడిన యూరు కాదు. ఇచట అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థ యున్నది. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయ మున్నది. జాతీయ రహదారి వెంబడి హోటళ్లున్నవి. నెలజీతగాండ్రు పెరిగినకొలది యీ సంగతి యింటింటి సంగతి యగుచున్నది. కావున దీనిని గూర్చి కొంత విచారింప నెంచితిమి.

నియతకాలమునకు మించి పనిచేసినవానికి రెట్టింపు కూలి నీయవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించినది. 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన కార్మిక స్మృతులలోను ఆ నియమము నిలిచినది. అంతకు ముందే, 2025లో, మన రాష్ట్ర ప్రభుత్వము దినమునకు పనిగంటలను 9 నుండి 10కిని, మూడు మాసములకు అదనపు గంటల పరిమితిని 75 నుండి 144కును పెంచ నిశ్చయించినది. గంటలు పెరుగునప్పుడు వాని లెక్కయందు శ్రద్ధయు పెరుగవలదా?

అదనపు కూలి ఆదాయపు పన్ను చట్టము ననుసరించి జీతములో భాగమే. ఐనను ఫారము 16లో దానికి వేరుగడి లేదు. మూలవేతనముతోను, భత్యములతోను గలిసి యొకే మొత్తముగ గానవచ్చును. పండ్రెండు నెలల జీతపు చీట్లను ప్రక్కన బెట్టుకొని కూడి చూచినగాని పొరపాటు బయటపడదు.

బక్షీసు దారి వేరు. అతిథులు తమ యిష్టముచే నిచ్చినదానిని హోటలు వసూలుచేసి పనివారికి పంచినంత మాత్రమున అది జీతము గాదనియు, దానినుండి యజమాని పన్ను పట్టుకొన నక్కరలేదనియు ఐ.టి.సి. సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2016 ఏప్రిల్ 26న తీర్పు చెప్పినది. పన్నే లేదని దీని యర్థము గాదు. పుచ్చుకొన్నవాడు ఇతర మార్గముల యాదాయముగ తానే చూపవలెను. జీతగాండ్రకు కొత్త పద్ధతిలో గల 75,000 రూపాయల తగ్గింపు దీనికి వర్తింపదు. కావున ఇట్టి బక్షీసు ఫారము 16లో లేకుండుట లోపము గాదు. జీతముతో గలిసియున్నచో అడిగి తెలిసికొనవలసినదే.

స్వల్ప సంపాదనకు పన్నెక్కడిదని కొంద రడుగవచ్చును. కొంతవరకు నిజమే. 2025-26 సంవత్సరమునకు కొత్త పద్ధతిలో 12 లక్షలవరకు, జీతగాండ్రకు 12,75,000 వరకు పన్ను లేదు. జిన్నింగు మిల్లులలోను, గుంటూరు మిర్చి యార్డును నమ్ముకొన్న శీతల గిడ్డంగులలోను రాత్రింబవళ్లు శ్రమించువారిలో ఆ మెట్టు నెక్కువా రరుదు. కాని మెట్టు అంచున నిలిచినవాని గతి చూడుడు. తగ్గింపులు పోగా సరిగా 12 లక్షలు తేలినవాడు అదనముగ పనిచేసి 10,000 రూపాయలు గడించినాడనుకొందము. సాధారణపు లెక్కను 61,500 కావలసిన పన్నును చట్టము దయతో 10,000కు తగ్గించును. దానిపై నూటికి 4 వంతున సెస్సు 400. అనగా గడించినదంతయు నిచ్చి, చేతినుండి మరి 400 చేర్చవలెను! మన కొండపై పానకాలస్వామి భక్తుడు తెచ్చిన పానకములో సగము గ్రహించి సగము ప్రసాదముగ విడుచునని ప్రతీతి. ఖజానాకు ఆపాటి కనికరమైన నుండవలదా?

మరియొక మాట. మిరప పండించిన భూస్వామి వ్యవసాయాదాయమునకు ఆదాయపు పన్ను మినహాయింపు గలదు. ఆ మిరప బస్తాలను గిడ్డంగిలో అర్ధరాత్రి లెక్కించు గుమాస్తా కూలికి అట్టి మినహాయింపు లేదు. రైతుపై పన్ను వేయుడని మే మనుటలేదు. కాని మినహాయింపు ననుభవించువారు తమ కొలువులోనివారి గంటలను నోటిలెక్కగ గాక పుస్తకమున వ్రాయించుట న్యాయము. చీటి లేని రొక్కము నేడు సుకరముగ దోచును. రేపు బ్యాంకున ఋణ మడుగునప్పుడును, రెట్టింపు కూలికై వాదించునప్పుడును అది యక్కరకు రాదు.

మన బిడ్డలనేకు లుద్యోగించుచున్న అమెరికాలో 2025 జూలై 4న చట్టమైన శాసనము 2025 మొదలు 2028 వరకు బక్షీసులో 25,000 డాలర్లవరకును, అదనపు గంటలకు హెచ్చుగ నిచ్చు భాగములో 12,500 డాలర్లవరకును తగ్గింపు నిచ్చినది. ఆదాయ మధికమైనవారికి అది క్రమముగ తగ్గును. 2025 వేతన పత్రమున వీనికి వేరుగడులు లేకపోగా పనివారు తమ చీట్లనే నమ్ముకొనవలసివచ్చినది. 2026 పత్రమున వేరుగ చూపు నేర్పాటు చేసిరి. పన్ను తగ్గించుట మంచిదా కాదా యనుట వేరు చర్చ. వేరుగ చూపుట మంచిదనుటకు చర్చ యక్కరలేదు.

2026 ఏప్రిల్ 1 నుండి 1961 నాటి చట్టము స్థానమున 2025 నాటి ఆదాయపు పన్ను చట్టము ప్రవేశించినది. చట్టము మారిన యీ యదనున జీతపత్రమున అదనపు కూలికి ప్రత్యేకపు గడి యేర్పరుపవలెననియు, 12 లక్షల యంచున శ్రమఫలము నంతయు మ్రింగు పద్ధతిని సవరింపవలెననియు మేము కోరుచున్నాము. ప్రభుత్వము చేయువరకు కాచియుండ నక్కరలేని పని యొకటి పనివాని చేతనే యున్నది: నెలనెల చీటి దాచుట, పత్రము రాగానే కూడి చూచుట, తేడా యున్నచో జంకక యడుగుట. తన చెమట లెక్క తాను చూచుకొనువానిని చూచి యజమాని కోపింప బనిలేదు.