పేర్లు నాలుగు.. యజమాని ఒక్కరే!

వరంగల్ మండీబజార్ నుంచి హన్మకొండ చౌరస్తా దాకా జిరాక్స్, డీటీపీ షాపులకు కస్టమర్లు ఆధార్ కాపీలు, పెళ్లి కార్డులు, దరఖాస్తులు పెన్‌డ్రైవ్‌లోనే తెస్తారు. వైరస్ కూడా దాంతోనే వస్తుంది. అవాస్ట్ నచ్చకపోతే ఏవీజీ, అదీ కాదంటే అవీరా వేసుకుంటారు. కానీ ఇప్పుడు ఇవన్నీ ఒకే కంపెనీవి.

అవాస్ట్, ఏవీజీ రెండూ చెక్ దేశంలో పుట్టినవే. 2016లో ఏవీజీని అవాస్ట్ 130 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ తర్వాత రెండింటికీ ఇంజిన్ ఒకటే అయింది, పేర్లు మాత్రం వేరుగానే ఉంచారు. ఎందుకంటే జనం నమ్మేది పేరునే. రెండు ల్యాబుల ఖర్చు ఒకటవుతుంది, కస్టమర్లు మాత్రం ఎక్కడికీ పోరు. 2021లో అవీరా, 2022 సెప్టెంబర్‌లో అవాస్ట్ కూడా నార్టన్ కంపెనీ చేతికి వచ్చాయి. దాని పేరే ఇప్పుడు జెన్ డిజిటల్.

లాభం లేదని కాదు. ఒకరి కంప్యూటర్‌లో దొరికిన కొత్త వైరస్ సమాచారం రెండో పేరు వాడేవాళ్లకూ అందుతుంది. కానీ ఆ ఒక్క ఇంజిన్ పొరపాటు చేస్తే ఇద్దరికీ దెబ్బే.

అసలు ప్రశ్న నమ్మకం గురించి. అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలు అమ్మిందన్న ఆరోపణపై 2024లో అమెరికా ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. జంప్‌షాట్ 2020లోనే మూతపడింది. ఇంటికి పెట్టుకున్న కాపలాదారే లోపలి ముచ్చట బయట అమ్మితే ఎట్లా? కంపెనీ చేతులు మారితే మన డేటా కూడా చేతులు మారుతుంది.

మరి షాపువాళ్లు ఏం చేయాలి? విండోస్‌లో డిఫెండర్ ఉచితంగానే ఉంది. విండోస్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటే మామూలు పనికి అది చాలు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి వేస్తే సిస్టమ్ నెమ్మదిస్తుంది, ఒకదానికొకటి అడ్డుపడతాయి. డబ్బు కట్టి వాడుతుంటే ఆటో రెన్యువల్ చూసుకోవాలి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కార్డు నుంచి ఆటోపే కట్ అయ్యే 24 గంటల ముందే మెసేజ్ రావాలి. అది చదవకుండా వదిలేయొద్దు.

కొనేముందు డబ్బా మీది పేరు కాదు, వెనుక ఉన్న యజమాని ఎవరో చూడాలి.