ముద్రయు జాబును



మా మూసాపేటలో ఇప్పుడు విదేశ నివాసమునకు అర్జీ పెట్టుకొనని యిండ్లు కొలదిగానే యున్నవి. ఒక యింట కుమారుడు కెనడాలో స్థిరపడుటకు, వేఱొక యింట కోడలు అమెరికాలోని భర్తను చేరుకొనుటకు, మఱియొక యింట వృద్ధ దంపతులు బిడ్డల యొద్ద కొంతకాల ముండుటకు అర్జీలు పంపి, జవాబులకై కన్నులు కాయలు కాయునట్లు ఎదురు చూచుచున్నారు. మా యింటివారు బడిపంతులగుటచేత, ఆంగ్లమున ఈమెయిలు వచ్చినదన్న ఫోను చేతబట్టుకొని మా గుమ్మమెక్కుట పేటలో ఆచారమైనది. అట్లు వచ్చిన జాబులలో దొంగజాబులును గలవు, దొరతనమువారి నిజమైన జాబులును గలవు. రెంటికిని నెత్తిన అదే రాజచిహ్నము, క్రింద అదే అధికారి హోదా.

విశాఖదత్తుని ముద్రారాక్షసము చదివిన సోదరీమణులకు ఈ వ్యవహారము క్రొత్త కాదు. రాక్షసమంత్రి యుంగరము చాణక్యుని చేత చిక్కినది. చాణక్యుడు ఆ మంత్రి మిత్రుడైన శకటదాసు చేతనే, సంగతి యాతనికి తెలియనీయక, ఒక జాబు వ్రాయించి ఆ యుంగరముతో ముద్ర వేయించెను. వ్రాలు నిజము, ముద్ర నిజము, జాబు మాత్రము కల్ల. తరువాత మలయకేతుడు మంత్రిని ఎదుట నిలిపి యడిగినను ముద్ర మాటయే చెల్లినది గాని మంత్రి మాట చెల్లలేదు. నేటి మోసగానికి ఉంగరము దొంగిలించు శ్రమయైనను లేదు. చిహ్నము బొమ్మయే గదా, క్షణములో దించుకొనును. పంపినవారి పేరును తనకు తోచినట్లు వ్రాసికొనును.

కావున పేరును విడిచి, దాని చాటున నున్న చిరునామాను తెఱచి చూడవలెను. మన యింటిపేరు ముందు వచ్చును; ఈ చిరునామాల యింటిపేరు చివర వచ్చును. అమెరికా ప్రభుత్వమువారిది 'డాట్ గవ్' అనియు, కెనడావారిది 'జీసీ డాట్ సీఏ' అనియో 'కెనడా డాట్ సీఏ' అనియో, బ్రిటనువారిది 'గవ్ డాట్ యూకే' అనియు, ఆస్ట్రేలియావారిది 'గవ్ డాట్ ఏయూ' అనియు ముగియును. 'గవ్' అను మాటను నడుమ నెక్కడనో ఇఱికించి చివర 'డాట్ కామ్' అని యున్నచో, అది రాజుగారి పేరు పెట్టుకొన్న పరాయివాడు. అయినను 'కామ్' అనగానే దొంగ యనరాదు. వ్రేలిముద్రలు, ఫోటో తీయు పనిని పెక్కుదేశములవారు వీఎఫ్ఎస్ గ్లోబల్ అను ప్రైవేటు సంస్థకు అప్పగించినారు. అపాయింటుమెంటును గూర్చి వారి చిరునామా నుండియు జాబు రావచ్చును. అర్జీని అంగీకరించుటయో త్రోసివేయుటయో మాత్రము వారి చేతిలో లేదు.

చిరునామాయును కల్పింపదగినదే. అందుచేత మేము అందఱికిని చెప్పునది యొకటే: జాబు చూపిన ద్వారమున లోనికి పోవలదు. అర్జీ పెట్టిననాడు ప్రభుత్వమువారి సైటులో తెఱచిన ఖాతా యొకటి యుండును. జాబులోని లింకును తాకక, ఆ సైటు పేరును మీరే వ్రాసికొని ఖాతాలోనికి పోయి చూడుడు. నిజమైన కబురైనచో దాని జాడ అచ్చట నుండును. ఏజంటు చేత అర్జీ పెట్టించినవారికి ఇచ్చటనే చిక్కు. ఖాతా ఆతని పేర నుండును, జాబులును ఆతనికే పోవును. రుసుము చెల్లించిననాడే అర్జీ సంఖ్యను, రసీదును అడిగి పుచ్చుకొనవలెను. అడిగిన నేమనుకొనునో యని మొగమాటపడుట మన స్త్రీలలో మెండు.

సొమ్ము విషయమున అంత విచారణ అక్కరలేదు. అమెరికా వలస శాఖవారు ఏ వ్యక్తి పేరనో డబ్బు పంపుమని కోరరు. వెస్టర్న్ యూనియన్, గిఫ్టు కార్డులు మున్నగువాని రూపమున రుసుము పుచ్చుకొనరు. యూపీఐ సంఖ్య యిచ్చి, సాయంకాలములోగా పంపనిచో అర్జీ రద్దగునని బెదరించు అధికారి ఏ దేశమునను లేడు. 'అమెరికా గ్రీన్ కార్డు లాటరీలో మీరు గెలిచితిరి' యను జాబు మా పేటలోనే ముగ్గురికి వచ్చినది. ఆ డైవర్సిటీ వీసా లాటరీకి భారతదేశమున జన్మించినవారు ఏండ్ల తరబడి అనర్హులు. ఐదేండ్లలో 50,000 మందికి మించి వలసపోయిన దేశములవారిని అందులో చేర్చుకొనరు. గెలిచినవారికి అమెరికా విదేశాంగ శాఖ ఈమెయిలు పంపి తెలిపినదియు లేదు.

ఇంత వినిన పిమ్మట అన్నిటిని చెత్తబుట్టలో వేయువారు కలరు. అదియు నష్టమే. కెనడావారు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిని స్థిరనివాసమునకు పిలుపు పంపినచో 60 దినములలో పూర్తి అర్జీ పెట్టవలెను. బయోమెట్రిక్సు జాబు వచ్చినచో గడువు 30 దినములే. మా పొరుగు యువతి యొకతె ఈ రెండవ జాబును దొంగదని స్పామ్ మూలకు త్రోసి, 26వ దినమున సందేహము పుట్టి మా యొద్దకు వచ్చెను. ఖాతా తెఱచి చూడగా అదే జాబు అందున్నది. ఆమె మఱునాడే కేంద్రమునకు పరుగిడవలసివచ్చెను.

చిరునామా సరియై, ప్రభుత్వ జాబితాలో పేరుండియు మోసమగునా? 2019 జనవరిలో అయినది. మిచిగాన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను దానిని అమెరికా అంతర్గత భద్రతా శాఖవారే మాఱుపేరులతో నడపిరి. గుర్తింపు గల విద్యాలయముల జాబితాలో దాని పేరుండెను. సుమారు 600 మంది చేరిరి. వారిలో తెలుగు బిడ్డలు పెక్కండ్రు. పిదప పట్టుకొనిరి. విద్యార్థులకు సంగతి తెలియునని దొరతనమువారును, నమ్మి చేరితిమని పిల్లలును వాదించిరి. ఎవరి మాట యెట్లున్నను, ఆ విద్యాలయమున తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. ముద్రను గాక చదువును గూర్చి అడుగు తల్లి ఇంటనున్నచో ఒక బిడ్డయైన నిలిచియుండునేమో యని, పంతులుగారి యింటివారము గనుక, మాకు తోచుచుండును.

పొరపాటున సొమ్ము పోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి, సైబర్ క్రైమ్ వారికి తెలుపవలెను. గాజులు తాకట్టు పెట్టి పంపితిమని ఇంటిలో చెప్పుటకు జంకి రెండు దినములు దాచినచో, ఆ డబ్బు పది ఖాతాలు దాటిపోవును. గంటలలో తెలిపినచో బ్యాంకువారు దానిని నిలుపుటకు అవకాశము గలదు. వచ్చిన జాబును కోపముతో చెఱిపివేయక, రసీదులతో సహా అట్లే యుంచుడు. పోలీసువారు మొదట అడుగునది దానినే.