పోపుల డబ్బాలోని పద్దు

ఢాకా నగరంలో ఒక చిన్న కుటుంబం. భర్త మోటారు రిక్షా నడుపుతాడు. ఆ రిక్షా అతని సొంతమూ కాదు, రోజూ దొరికేదీ కాదు. అసలు డ్రైవరు రానినాడు మాత్రమే అతనికి పని. భార్య ఇల్లు చూసుకుంటూ, బిడ్డను సాకుతూ, తీరిక దొరికినప్పుడు బట్టలు కుట్టి నాలుగు డబ్బులు సంపాదిస్తుంది. ముగ్గురికీ కలిపి ఒకే గది. నెలసరి రాబడి సగటున 70 డాలర్లు.

ఇటువంటి ఇంటికి జమాఖర్చుల పుస్తకం ఎందుకని చాలామంది అనుకుంటారు. వచ్చింది ఆ పూటకే చాలనప్పుడు వ్రాసుకోవడానికి మిగిలేదేమిటి? కాని పరిశోధకులు ఏడాది పొడవునా ఆ ఇంటికి వెళ్లి, ప్రతి చిన్న మొత్తానికీ వివరం తెలుసుకున్నప్పుడు బయటపడిన చిత్రం వేరు. ఆ దంపతులకు సూక్ష్మ ఋణ సంస్థలో పొదుపు ఉంది. జీవిత బీమా ఉంది. ఇంట్లో చిన్న అవసరాలకు దాచిన 2 డాలర్లున్నాయి. బంధువుకు ఇచ్చిన చేబదులు ఉంది. మరొకవైపు ఋణ సంస్థ బాకీ, యజమాని నుంచి పుచ్చుకున్న అడ్వాన్సు, చిల్లర కొట్లో అరువు, ఇంటి అద్దె బకాయి ఉన్నాయి. ఏడాది మీద వారి సంపాదన సుమారు 840 డాలర్లు కాగా, ఈ పొదుపులలోనికీ అప్పులలోనికీ వెళ్లి, వాటినుంచి తిరిగి వచ్చిన సొమ్ము మొత్తం 965 డాలర్లు. సంపాదించినదానికన్నా అటూ ఇటూ తిప్పినదే ఎక్కువ!

ఆ జాబితాలో ఇంకొక పద్దు కూడా ఉంది. ఇరుగుపొరుగు స్త్రీలు ఇద్దరు తమ సొమ్ము 20 డాలర్లు ఈ ఇల్లాలి దగ్గర దాచుకున్నారు. తమ ఇంట్లో ఉంచితే దుబారా మనుషులైన భర్తల చేతనో, కొడుకుల చేతనో పడుతుందని వారి భయం. ఈ 20 డాలర్లను ఏ గడిలో వ్రాయాలి? ఆమెకు అది ఆదాయం కాదు. అప్పు అందామంటే ఆమె ఎవరినీ చేయి చాచి అడగలేదు. నేడు ఇంటి ఖర్చుల లెక్క చూసిపెడతామంటూ ఫోనులోకి వస్తున్న యాప్‌లను రూపొందించేవారు ముందుగా జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇదే.

ఒక్కసారి అడిగితే తెలియనిది

ఈ వివరాలు 2009లో వెలువడిన ‘పోర్ట్‌ఫోలియోస్ ఆఫ్ ది పూర్’ అనే గ్రంథంలోనివి. డారిల్ కాలిన్స్, జోనథన్ మార్డక్, స్టూవర్ట్ రూథర్‌ఫోర్డ్, ఆర్లాండా రూత్‌వెన్ దాని రచయితలు. బంగ్లాదేశ్‌లో, భారతదేశంలో, దక్షిణాఫ్రికాలో 250కి పైగా పేద కుటుంబాల ఆర్థిక దినచర్యను వీరు, వీరి సహచరులు నమోదు చేశారు. నెలకు కనీసం రెండుసార్లు చొప్పున, ఏడాదిపాటు అవే ఇళ్లకు వెళ్లారు. పొదుపుకో అప్పుకో నాలుగు మార్గాలైనా వాడని కుటుంబం ఒక్కటీ వారికి కనిపించలేదు. భారతదేశంలో సగటున ఎనిమిదికి పైగా, బంగ్లాదేశ్‌లో దాదాపు పది!

ప్రశ్నపత్రం పట్టుకుని ఒక్కసారి గుమ్మంలో నిలబడి అడిగితే ఇవన్నీ బయటికి రావు. కొత్తవారి ముందు ఎవరూ అప్పు మాట ఎత్తరు. దాచుకున్న సొమ్ము మాట అసలే ఎత్తరు. పైగా అబద్ధమాడే ఉద్దేశం లేకున్నా మనిషి మరచిపోతాడు. పొరుగింటినుంచి తెచ్చిన చేబదులు అతని దృష్టిలో అప్పే కాదు. వచ్చిన సొమ్మూ పోయిన సొమ్మూ సరిపోల్చి చూసి, ‘ఈ తేడా ఎక్కడిది?’ అని మెల్లగా అడుగుతూ పోతేనే ఒక్కొక్క పద్దూ వెలుగు చూస్తుంది.

నెల అనే కొలత

ఇంటి లెక్కల యాప్‌లలో చాలావాటికి ఒకే నమూనా ఆధారం. ఒకటో తారీఖున జీతం వస్తుంది. దానిని అద్దెకు ఇంత, పాలకు ఇంత, పిల్లల చదువుకు ఇంత అని విభజించాలి. గీత దాటితే ఎర్ర రంగులో హెచ్చరిక వెలుగుతుంది. గుమాస్తా ఉద్యోగానికి ఈ కొలత చక్కగా సరిపోతుంది. రోజుకూలికి, తోపుడుబండి వర్తకునికి, పంట చేతికి వస్తేగాని డబ్బు ముఖం చూడని రైతుకు అది అతకదు.

సంపన్న దేశంలో సైతం ఇది అందరికీ అతకదు. మార్డక్, రేచెల్ ష్నైడర్ కలిసి అమెరికాలో 2012–13 సంవత్సరాలలో 235 కుటుంబాల రాకడ పోకడలను ఇదే పద్ధతిలో పరిశీలించారు. అవి అధిక భాగం అల్ప, మధ్యతరగతి ఆదాయాల ఇళ్లు. సంపాదించే మనిషి ఉన్న ఇళ్లు. అయినా ఏడాదిలో సుమారు అయిదు నెలలు వారి ఆదాయం సగటుకన్నా నాలుగోవంతుకు మించి పెరగడమో, తరగడమో జరిగింది. అటువంటి ఇంటికి ‘ఈ నెల హద్దు మీరి ఖర్చు పెట్టారు’ అనే హెచ్చరిక వల్ల ఒరిగేదేమిటి? వచ్చే వారం చేతిలో ఏముంటుంది, ఏ బాకీని ఎన్నాళ్లు ఆపవచ్చు అనేదే అక్కడి అసలు ప్రశ్న. దానికి సమాధానం చెప్పలేని సాధనం మందలించే మేస్టారుగా మిగిలిపోతుంది.

బ్యాంకు నుంచి వచ్చే సందేశాలను చదివి తమంతట తామే పద్దులు వ్రాసే యాప్‌లు కూడా ఉన్నాయి. వాటికి కనిపించేది బ్యాంకు దాటి వచ్చిన సొమ్ము మాత్రమే. చీటీ పాట, చేబదులు, కొట్టువాని అరువు పుస్తకం వాటి కంటికి ఆనవు. సగం లెక్కను పూర్తి లెక్కగా చూపే పుస్తకం, లెక్కే లేకపోవడంకన్నా ప్రమాదకరం.

అక్షరం అడ్డుపడిన చోట

బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయంలో ఇంద్రాణి మేధి అనే పరిశోధకురాలు నగరంలోని పేదవాడలకు వెళ్లి, ఇళ్లలో పనిచేసే స్త్రీలతో కలిసి, చదువు రానివారికి ఎటువంటి తెర పనికివస్తుందో పరిశీలించారు. బొమ్మ పెడితే చాలదని అక్కడ తేలింది. వంటగది బొమ్మను చూసినవారికి అది ఒక చోటుగానే తోచవచ్చు. పంపునుంచి నీరు పారుతూ గిన్నెలు తోముతున్నట్టు గీస్తేనే అది పని అని బోధపడుతుంది. ఫోను ద్వారా డబ్బు పంపే విధానాలపై ఆమె బృందం జరిపిన పరిశీలనలో, కేవలం అక్షరాల జాబితాతో నడిచే పద్ధతి చదువు రానివారికి నిరుపయోగమయింది. బొమ్మలు, మాటలు కలిసిన పద్ధతిలో ఎక్కువమంది పని పూర్తి చేయగలిగారు. మాటతోనే నడిచే పద్ధతిలో పని త్వరగా తెమిలింది, ఇతరుల సాయమూ తక్కువే కావలసి వచ్చింది.

వీరికి లెక్క రాదని దీని అర్థం కాదు. కూరగాయల గంప ముందు కూర్చున్న స్త్రీ నోటిలెక్కను పట్టభద్రుడు సైతం పట్టుకోలేడు. ఆమెకు అడ్డుపడినది తెర మీది అక్షరమే.

దాచుకునే అవసరం

అన్నిటికన్నా సున్నితమైన విషయం గోప్యత. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, దేశమంతటా ఎన్నో ఇళ్లలో ఒక రహస్యం బయటపడింది. పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, చీర మడతలలో ఏళ్ల తరబడి ఇల్లాళ్లు దాచుకున్న నోట్లను తప్పనిసరిగా బయటికి తీయవలసి వచ్చింది. కొందరికి అది బిడ్డ పెళ్లికోసం కూడబెట్టిన సొమ్ము. తాగుడుకు బానిసైన భర్త కంటపడకుండా కాపాడుకున్న ఆధారం ఇంకొందరికి. లెక్క ఎవరికీ తెలియకపోవడమే ఆ పొదుపుకు రక్షణ. ఆ రక్షణ ఒక్క రాత్రిలో పోయింది.

ఇంటిల్లిపాదీ చూసే ఫోనులో ప్రతి రూపాయినీ వివరంగా చూపించే యాప్ అదే పని రోజూ చేస్తుంది. నిత్యా సాంబశివన్, ఆమె సహచరులు భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో 199 మంది స్త్రీలతో మాట్లాడి 2018లో ప్రకటించిన పరిశోధన ఈ స్థితిని వివరిస్తుంది. ఫోను స్త్రీ పేరిట ఉన్నా ఆమె ఒక్కతెదే కాదు. పిల్లలు ఆడుకుంటారు, భర్త, అత్తగారు చూస్తారు. ఇవ్వనంటే మనసులో ఏదో ఉందనుకుంటారు. అందుచేత కొందరు ఫోనుకు తాళం వేస్తారు, కొందరు ఒక్కొక్క యాప్‌కు విడిగా తాళం వేస్తారు, కొందరు ఎప్పటికప్పుడు ఆనవాళ్లు చెరిపివేస్తారు. మరికొందరు అసలు వాడడమే మానుకుంటారు.

‘కుటుంబమంతా కలిసి చూసుకునే ఖాతా’ అనే ఆలోచన కార్యాలయపు బల్లమీద ఎంతో ముచ్చటగా ఉంటుంది. కాని కుటుంబమంటే ఒకే మనసు, ఒకే జేబు అనే నమ్మకం మీద కట్టిన సాధనం కొన్ని ఇళ్లలో స్త్రీకి మిగిలిన ఒక్క ఆసరానూ అప్పగించివేస్తుంది. ఒక పద్దును దాచడం, చెరపడం, పేరు లేకుండా వ్రాసుకోవడం వంటి సౌకర్యాలు కొందరు ఇల్లాళ్లకు బియ్యం ఎంత అవసరమో అంత అవసరం.

సాధనాలు నిర్మించేవారు చదువుకున్నవారు, నెలజీతం అందుకునేవారు. తమ ఇంటి లెక్కనే లోకపు లెక్కగా భావించడం వారికి సహజం. ఆ పొరపాటు దిద్దుకోవడానికి పరాయి ఇంట చాప మీద కూర్చుని, మళ్లీ మళ్లీ వెళ్లి, తొందరపడక వినడమే మార్గం. ఢాకాలోని ఆ ఇల్లాలికి లెక్క నేర్పవలసిన పనిలేదు. ఇద్దరు పొరుగు స్త్రీలు నమ్మి అప్పగించిన 20 డాలర్లను తన సొమ్ములో కలిసిపోకుండా, ఏ పుస్తకమూ లేకుండానే ఆమె గుర్తుంచుకుంది. ఆమె ఫోనులోకి రాదలచినవారు కూడా ముందుగా ఆ నమ్మకానికి తగినవారు కావాలి.