వ్రాయని ఒకటి

బీజగణితంలో అక్షరానికి ముందు నిలిచే సంఖ్యను గుణకం అంటారు. 3క అనగా ‘క’ అనే రాశికి మూడింతలు. క విలువ 5 అయితే 3క విలువ 35 కాదు, 15.

9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ గ్రంథాన్ని రచించినప్పుడు ఈ అక్షర సంకేతాలు లేవు. తెలియని రాశిని ఆయన ‘షయ్’, అనగా వస్తువు, అని పిలిచి లెక్కంతా మాటల్లోనే నడిపారు. ఆ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలకు, వారసత్వ పంపకాలకు సంబంధించినదే.

అటువంటి లెక్క ఒకటి చూద్దాం. మరణించిన వ్యక్తికి భార్య, ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉన్నారు; వేరే వారసులు లేరు. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు, వసీయత్ పోగా 8 లక్షల రూపాయలు మిగిలాయి. భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 1 లక్ష. మిగిలినవి 7 లక్షలు. కుమార్తె వాటా ‘క’ అయితే కుమారుని వాటా 2క. కుమారులిద్దరికీ 4క, కుమార్తెలు ముగ్గురికీ 3క, మొత్తం 7క. కనుక క విలువ 1 లక్ష. ప్రతి కుమార్తెకూ 1 లక్ష, ప్రతి కుమారునికీ 2 లక్షలు.

కుమార్తె వాటాను వట్టి ‘క’ అనే వ్రాశాము. ముందు సంఖ్య లేదు గనుక గుణకం సున్నా అనుకోరాదు. అక్కడ 1 ఉన్నది, వ్రాయకపోయినా ఉన్నది. “పెళ్లికి ఇచ్చాం కదా” అంటూ ఆడబిడ్డను పంపకం నుండి తప్పించే ఇళ్లు మనలో లేకపోలేదు. ఒక్క కుమార్తెను తొలగిస్తే 7క కాస్తా 6క అవుతుంది. కూడిక సరిపోయినట్లే కనిపిస్తుంది. కాని ఆమె సొమ్ము మిగిలిన కుమారులు, కుమార్తెలందరి వాటాల్లోనూ చేరిపోతుంది.

మీ పిల్లలకు గుణకాలు నేర్పేటప్పుడు ఈ లెక్కనే చేయించండి. వ్రాయని ఒకటిని గుర్తించడం వారికి అలవాటు కావాలి.